బాయి దిగేవాడి జేబు, బోర్డులో కూర్చునేవాడి వాటా

భూపాలపల్లిలోని కాకతీయ ఖని భూగర్భ గనుల్లో షిఫ్టుకు వచ్చిన కార్మికుడు ముందు మస్టర్, అంటే హాజరు, వేయించుకుంటాడు. ల్యాంప్ రూములో క్యాప్ ల్యాంపు తీసుకుంటాడు. బాయి, అంటే గని, దిగే దగ్గర జేబులు తడిమి చూస్తారు. బీడీలు, అగ్గిపెట్టె, లైటరు లోపలికి పోకూడదు. గ్యాసు పుట్టే చోట ఒక్క నిప్పురవ్వ ఎన్ని ప్రాణాలు తీస్తుందో బొగ్గు మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. అందుకే ఈ తనిఖీని ఎవరూ చిన్నతనంగా అనుకోరు. తరాల నుంచి నడుస్తున్న పద్ధతి ఇది, నడవాల్సిన పద్ధతి కూడా.

మరి టెండరు కాగితం మీద సంతకం పెట్టే అధికారికి ఆ కాంట్రాక్టరుతో చుట్టరికం ఉందా? బోర్డులో కూర్చున్న డైరెక్టరుకు బయట ఏ కంపెనీలో వాటా ఉంది? ఈ ప్రశ్నలు అడిగే పద్ధతి ఎప్పుడు వచ్చింది? కూలివాడి జేబు తడమడం మొదలైన చాలా దశాబ్దాలకు వచ్చింది. కంపెనీల్లో నీతి నియమాల చరిత్రంతా ఈ రెండు తేదీల మధ్య దూరంలోనే ఉందని నా నమ్మకం. కింద ఉన్నవాడి మీద నిఘా ముందు పుట్టింది. పైన ఉన్నవాడి మీద నిఘా పుట్టడానికి ప్రతిసారీ ఒక కుంభకోణం బయటపడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏ పెద్ద కంపెనీకి పోయినా ఎథిక్స్ విభాగం, కంప్లయన్స్ ఆఫీసర్, కోడ్ ఆఫ్ కాండక్ట్ అనే మాటలు వినిపిస్తాయి. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే జనగామ కుర్రాడు ఏడాదికోసారి కంప్యూటర్ ముందు కూర్చుని ఎథిక్స్ శిక్షణ పూర్తిచేసి, అన్నీ చదివాను, అర్థమయ్యాయి అని టిక్కు పెడతాడు. అక్టోబర్ 31 వచ్చే వారంలో ప్రభుత్వ సంస్థల్లో విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు జరుగుతాయి. సిబ్బందిని వరసలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఇవన్నీ చూస్తే అమెరికా నుంచి దిగిన కొత్త సరుకులా కనిపిస్తుంది. కానీ మన దగ్గర ఈ కథ చాలా పాతది. జనగామ, మానుకోట (మహబూబాబాద్) మీదుగా పోయే రైలు పట్టాల దగ్గర, అవి చేరిన బొగ్గు దగ్గర మొదలైంది.

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు నిల్వలు కనిపెట్టాడు. భూమిలో బొగ్గుంటే చాలదు, దాన్ని మోసుకుపోయే రైలు కావాలి. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా బెజవాడ దాకా, మరోవైపు చాందా (నేటి చంద్రపూర్) దాకా లైను వేయాలన్న ప్రయత్నం 1880ల మొదట్లో ఊపందుకుంది. పెట్టుబడి లండన్‌లో, హామీ నిజాం ఖజానాది. ఈ బేరసారాలు నడిపినవాడు నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్ జంగ్ అన్న బిరుదు కూడా ఉంది ఆయనకు.

ఖజానాకు ఇంత భారం పడుతుంటే షరతులేమిటో జనానికి తెలియాలి కదా అని హైదరాబాదులో కొందరు చదువుకున్నవాళ్లు నిలదీశారు. వాళ్లలో ముందున్న వ్యక్తి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ. హైదరాబాద్ కళాశాలకు ప్రిన్సిపాల్, సరోజినీ నాయుడు తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడా ఆయనతో నిలిచాడు. ఫలితం? 1883లో అఘోరనాథ్‌ను హైదరాబాద్ రాజ్యం నుంచి బహిష్కరించారు. తర్వాత తిరిగి రానిచ్చారు, అది వేరే సంగతి. కాగితాలు చూపించండి అన్నవాడు ఊరు విడిచిపోయాడు, ఆ కాగితాలు రాసినవాడు పదవిలోనే ఉన్నాడు. చాందా రైల్వే ఆందోళన అని చరిత్రకారులు చెప్పే ఈ ఘటనను తెలంగాణలో రాజకీయ చైతన్యానికి నాందిగా చూస్తారు. కంపెనీ వ్యవహారాల్లో పారదర్శకత అడిగిన తొలి గొంతుగా కూడా దాన్ని గుర్తుపెట్టుకోవాలని నేనంటాను.

రైలు వచ్చింది. 1886లో వరంగల్, 1888లో డోర్నకల్, 1889లో బెజవాడ చేరింది. జనగామ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల ఊళ్లు ఆ దారిలో స్టేషన్లయ్యాయి. డోర్నకల్ దగ్గర సింగరేణి బొగ్గు కోసం కొమ్మ లైను చీలింది. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌కు జంక్షన్ అన్న పేరు బొగ్గు వల్లే వచ్చింది.

రైలు వెనకే గనుల గుత్త వచ్చింది. 1886లో నిజాం రాజ్యంలోని ఖనిజాల హక్కును వాట్సన్, స్టివార్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు వ్యాపారులకు రాసిచ్చారు. వాళ్లు లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. అక్కడ జరిగింది కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. కంపెనీ మూలధనం కాగితం మీద 10 లక్షల పౌండ్లు. ఒక్కోటి 10 పౌండ్ల చొప్పున లక్ష షేర్లు. అందులో 85 వేల షేర్లు గుత్త తెచ్చినవాళ్లే పూర్తిగా సొమ్ము కట్టినట్టు రాసుకుని పంచుకున్నారు. చేతి నుంచి పైసా పెట్టలేదు. హక్కును కంపెనీకి అమ్మినందుకు అది ప్రతిఫలం అన్నారు. జనానికి వదిలింది 15 వేల షేర్లు మాత్రమే. నిజంగా గనిలో పెట్టడానికి చేతికొచ్చిన నగదు ఆ కొద్ది షేర్ల మీద వసూలైందే.

ఆ 85 వేలలో అబ్దుల్ హక్‌కూ వాటా ఉంది. నిజాం ప్రభుత్వం తరఫున బేరం మాట్లాడిన మనిషి, అవతలి పక్షంలో భాగస్వామి. అంతటితో ఆగలేదు. సొంత రాజ్యంలోని కంపెనీలో నిజాం ప్రభుత్వానికీ షేర్లుంటే మంచిదన్న వాదన లేచింది. ప్రభుత్వం కొనాలనుకుంది. కొనిపెట్టే పని అబ్దుల్ హక్ చేతికే వచ్చింది. ఆయన 10 పౌండ్ల షేరును 12 పౌండ్ల చొప్పున వేల సంఖ్యలో కొనిపెట్టాడు. మార్కెట్లో కొన్నట్టు ప్రభుత్వం అనుకుంది. అమ్మింది ఎవరంటే ఆయనే. ఉచితంగా వచ్చిన షేర్లను తన యజమానికే లాభానికి అంటగట్టాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

లండన్ పత్రికల్లో రాతలొచ్చాయి, పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. 1888లో కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారణ జరిపింది. నిజాం తరఫున మొహ్సిన్-ఉల్-ముల్క్ సముద్రం దాటి వెళ్లి వాదన వినిపించాడు. తర్వాతి రోజుల్లో అలీగఢ్ ఉద్యమంలో పేరు తెచ్చుకున్నది ఈయనే. అబ్దుల్ హక్‌ను పదవి నుంచి తప్పించారు. ఐదేళ్ల కిందట కాగితాలు చూపమన్న అఘోరనాథ్ అనుమానం ఉత్తదేమీ కాదని తేలింది. అయితే గుత్త మాత్రం చెక్కుచెదరలేదు. మోసం పునాదిలో ఉన్నా కంపెనీ నిలబడింది. అదే తర్వాత సింగరేణి అయింది.

ఇక్కడ ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. అబ్దుల్ హక్ చేసినదాన్ని తప్పనే నియమం అప్పటికి లేదా? ఉంది. 1854లోనే ఇంగ్లండ్ ప్రభువుల సభ అబర్డీన్ రైల్వే కంపెనీ కేసులో తీర్పు చెప్పింది. రైలు పట్టాలకు కావలసిన ఇనప సామాను సరఫరా చేసే సంస్థలో ఆ రైల్వే కంపెనీ డైరెక్టరే భాగస్వామి. ధర న్యాయమైనదా కాదా అన్న చర్చ కూడా అక్కర్లేదు, కంపెనీ బాధ్యత మోసేవాడికి అవతలి వైపు సొంత లాభం ఉండడమే చాలు, ఆ ఒప్పందం నిలవదు అన్నారు న్యాయమూర్తులు. 1878లో మరో కేసు వచ్చింది. ఎర్లాంజర్ అనే పారిస్ బ్యాంకరు ముఠా కరీబియన్ సముద్రంలో సోంబ్రెరో ద్వీపపు ఫాస్ఫేట్ గని గుత్తను 55 వేల పౌండ్లకు కొని, తామే పెట్టిన కంపెనీకి లక్షా 10 వేలకు అంటగట్టింది. స్వతంత్రంగా ఆలోచించే డైరెక్టర్ల ముందు నిజం చెప్పలేదు కాబట్టి ఆ అమ్మకమూ చెల్లదన్నారు. అంటే హైదరాబాద్ వ్యవహారం మీద విచారణకు పదేళ్ల ముందే, సరిగ్గా అదే అచ్చులో ఉన్న మోసానికి తీర్పు ఉంది.

నియమం న్యాయమూర్తుల పుస్తకాల్లో ఉంది. కానీ ఒప్పందం కుదిరే రోజున బల్ల దగ్గర కూర్చుని, అయ్యా ఇందులో మీ వాటా ఎంత అని అడగడమే ఉద్యోగంగా ఉన్న మనిషి లేడు. ఆ తర్వాతి నూటముప్పై ఏళ్లలో జరిగిందంతా ఆ మనిషికి ఒక కుర్చీ వేయడానికి పడ్డ పాట్లే.

ఈలోగా కింద పని మొదలైంది. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. తట్టా చెమ్మస్ (పార) పట్టిన కూలీల మీద లెక్క మొదటి నుంచీ గట్టిగానే ఉంది. ఎన్ని టబ్బులు నింపాడు, ఎన్ని మస్టర్లు పడ్డాయి, ఎన్ని నాగాలు పెట్టాడు అన్నది చూసుకోవడానికే పెద్ద యంత్రాంగం. అలాగని గనిలోని రికార్డులన్నీ కూలీ మీద కత్తులేనని అనను. గనుల చట్టం బ్రిటిష్ ఇండియాలో 1901లో వచ్చింది, ఆ తర్వాత 1952 చట్టం వచ్చింది. దాని కింద 1957లో వచ్చిన బొగ్గు గనుల నిబంధనల స్థానంలో 2017 నిబంధనలు వచ్చాయి. ఈ నిబంధనలు పుట్టించిన వస్తువుల్లో నాకు బాగా గౌరవం ఉన్నది ఒకటుంది. పేజీలకు నంబర్లు వేసి బైండు చేసిన రిపోర్టు పుస్తకం.

మైనింగ్ సర్దార్ షిఫ్టులో తన జిల్లా అంతా తిరుగుతాడు. జిల్లా అంటే గనిలో ఆయనకు అప్పగించిన భాగం. పైకప్పును తట్టి శబ్దం వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది బోలుగా పలుకుతుంది. గ్యాసు చూస్తాడు, గాలి ఆడుతుందో లేదో చూస్తాడు, దన్నుకు పెట్టినవి నిలిచాయో లేదో చూస్తాడు. పైకొచ్చాక చూసింది చూసినట్టు ఆ పుస్తకంలో రాసి, తేదీ వేసి, సంతకం పెడతాడు. విడి కాగితం మీద కుదరదు. పేజీకి నంబరుంది కాబట్టి చింపితే దొరికిపోతుంది, మధ్యలో కొత్త పేజీ దూర్చడానికి వీల్లేదు. నిన్నటి తేదీ వేసి ఇవాళ రాసే వీలు తక్కువ. ప్రమాదం జరిగిన రోజు గనుల భద్రతా సంస్థ అధికారులు ముందుగా స్వాధీనం చేసుకునేది ఈ పుస్తకాలనే. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి రోజు తర్వాత పుస్తకంలోని ఒక్కో వాక్యానికీ ప్రాణమంత బరువుంటుంది. చూడకుండా చూశానని రాసిన సంతకానికి కూడా.

ఉత్పత్తి తొందరలో పైఅధికారి మాట జవదాటలేక, అంతా బాగుందని రాసిపెట్టే సర్దార్ గురించి బొగ్గు ఊళ్లలో అందరూ మాట్లాడుకుంటారు. కంపెనీ నీతి పరీక్ష జరిగేది అక్కడే. ప్రతిజ్ఞలు చేసే మైదానంలో కాదు.

కిందివాడు పైవాడి లెక్క చూసే ఏర్పాటు కూడా గనుల్లోనే ముందు పుట్టింది. ఇంగ్లండ్‌లో నింపిన బొగ్గు బరువును బట్టి కూలి ఇచ్చే రోజుల్లో కాటా దగ్గర యజమాని మనిషి తూకం తగ్గించి రాసేవాడన్న గొడవ ఉండేది. 1860 చట్టం కార్మికులకు ఒక హక్కు ఇచ్చింది. తమ ఖర్చుతో తమ మనిషినే కాటా దగ్గర నిలబెట్టుకోవచ్చు. అతణ్ణి చెక్ వేయర్ అనేవాళ్లు. ఆ సంప్రదాయంలోనిదే మన గనుల్లో కనిపించే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ పదవి. కార్మికుల తరఫున ఆయన బాయి అంతా తిరిగి లోపాలు రాయొచ్చు. ఆడిటింగ్ విద్య అంతా పెద్ద చదువుల వాళ్లు కనిపెట్టిందని అనుకునేవాళ్లు ఈ కాటా మనిషిని తలుచుకోవాలి.

1920 డిసెంబర్ 23న హైదరాబాద్ కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ పుట్టి, పాత దక్కన్ కంపెనీ ఆస్తులు, అప్పులు తీసుకుంది. బొగ్గు అమ్మకాలు, కార్యదర్శి పనులు బెస్ట్ అండ్ కంపెనీ చూసేది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం ఎక్కువ షేర్లు కొన్నది. 1949 దాకా హైదరాబాద్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేనేజింగ్ ఏజెంటుగా ఉంది. దేశమంతా కంపెనీలు అప్పట్లో ఈ మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతిలోనే నడిచేవి. షేరుదార్లు వేరు, నడిపే సంస్థ వేరు. నడిపే సంస్థకు కమీషన్ వస్తుంది, సరుకు తన మరో కంపెనీ నుంచే కొనుక్కోవచ్చు, అమ్మకం తన ఇంకో కంపెనీ ద్వారా చేసుకోవచ్చు. ఒకే మనిషి అటూ ఇటూ కూర్చోవడం చట్టబద్ధంగా సాగిన కాలం అది. ఈ రోగం మీద భాభా కమిటీ చేసిన పరిశీలన నుంచి 1956 కంపెనీల చట్టం వచ్చింది. ఏ ఒప్పందంలో తనకు ఆసక్తి ఉందో డైరెక్టరు బోర్డుకు చెప్పాలి, దానికో రిజిస్టరు ఉండాలని ఆ చట్టం రాసింది. మేనేజింగ్ ఏజెన్సీలు 1970లో పూర్తిగా రద్దయ్యాయి. సింగరేణి 1956లోనే ప్రభుత్వ కంపెనీ అయింది. ఇప్పుడు అందులో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

కార్మికుడి దుష్ప్రవర్తన ఏమిటో రాసి గోడకు అంటించాలన్న చట్టం మాత్రం 1956 కంపెనీల చట్టానికి పదేళ్ల ముందే, 1946లో వచ్చింది. స్టాండింగ్ ఆర్డర్స్ అంటారు. దొంగతనం, లంచం, చెప్పకుండా గైరుహాజరు, పై అధికారి మాట వినకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. న్యాయంగా చెప్పాలంటే అది కార్మికుడికి రక్షణ కూడా. ఛార్జిషీటు ఇవ్వకుండా, ఎంక్వైరీ పెట్టకుండా ఇంటికి పంపడం దాని తర్వాతే కష్టమైంది. అయినా ఏ కొలత ఎవరికి వాడారన్నది చూడాలి. ఏడాదికి వంద మస్టర్లు కూడా నిండలేదని ఉద్యోగం పోగొట్టుకున్న డిస్మిస్ కార్మికులు బొగ్గు ప్రాంతమంతటా ఉన్నారు. జ్వరమొచ్చి పడిపోయినవాడు ఉన్నాడు, తాగుడికి బానిసైనవాడూ ఉన్నాడు, ఇద్దరికీ కాగితం ఒకటే. మమ్మల్ని మళ్లీ తీసుకోండి అని ఏళ్ల తరబడి జీఎం ఆఫీసుల ముందు కూర్చున్నారు. టెండరులో చుట్టానికి మేలు చేసిన కారణంగా అన్నేళ్లు ఆఫీసు ముందు కూర్చున్న అధికారిని నేనైతే చూడలేదు.

ప్రభుత్వ రంగంలో పైవాళ్లను ప్రశ్నించే కుర్చీ వేసింది సంతానం కమిటీ. 1957, 58లో ముంద్రా వ్యవహారం దేశాన్ని కుదిపింది. ఎల్‌ఐసీ సొమ్ముతో ఒక వ్యాపారి షేర్లు కొనిపించారు. ఛాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపితే ఆర్థిక మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. 1962లో కె. సంతానం నాయకత్వంలో అవినీతి నిరోధక కమిటీ వేశారు. దాని సిఫారసుతో 1964 ఫిబ్రవరిలో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. 2003లో దానికి చట్టబద్ధత వచ్చింది. ప్రభుత్వ సంస్థల్లో విజిలెన్స్ విభాగం అనే ఏర్పాటు వేళ్లూనింది అక్కడి నుంచే. అధికారి ఏటా ఆస్తుల వివరాలు ఇవ్వాలి. కొనుగోళ్లు, నియామకాల్లాంటి చోట్ల ఒకే మనిషి ఏళ్ల తరబడి పాతుకుపోకూడదు. ఆకస్మిక తనిఖీలు జరగాలి.

బొగ్గులో ఆకస్మిక తనిఖీ అంటే ఏమిటో తెలియాలంటే వేబ్రిడ్జి దగ్గరకు పోవాలి. ఖాళీ లారీ ఒకసారి కాటా ఎక్కుతుంది, నిండు లారీ ఇంకోసారి ఎక్కుతుంది. రెండింటి తేడా బొగ్గు బరువు. ఖాళీ బండి బరువు నాలుగు క్వింటాళ్లు ఎక్కువ రాస్తే చాలు, ఆ నాలుగు క్వింటాళ్ల బొగ్గు డబ్బు కట్టకుండా గేటు దాటినట్టే. ఒక్క లారీకి అది చిన్న సంగతి, రోజూ వందల లారీలకు కాదు. ఇక గ్రేడు. 2012 నుంచి బొగ్గుకు ఉష్ణశక్తిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లు పెట్టారు. శాంపిల్ ఎక్కడ తీశారు, ఎవరు పొడి చేశారు, ఏ సంచికి ఏ చీటీ కట్టారు అన్నదాని మీద ధర మారిపోతుంది. చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి కేంద్రానికి మంచి గ్రేడు అని రాసి నాసిరకం బొగ్గు పంపితే ఆ నష్టం చివరికి కరెంటు బిల్లులో చేరుతుంది. విజిలెన్స్ వాళ్లు మళ్లీ తూకం వేయించేదీ, శాంపిల్ మళ్లీ తీయించేదీ అందుకే.

1990లలో సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా సంస్థల బోర్డు దాకా పోయింది. పదుల కొద్దీ సంఘాలు, చీటికీ మాటికీ సమ్మెలు, బదిలీకో పైరవీ, క్వార్టరుకో పైరవీ. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టడం కార్మిక సంబంధాల్లో పెద్ద మలుపు. పైరవీ పోయిందని కాదు. కానీ ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఓటు లెక్కతో తేలింది.

బయటి ప్రపంచంలో ప్రైవేటు కంపెనీలకూ దెబ్బలు తగిలాకే బుద్ధి వచ్చింది. అమెరికాలో 1961లో పెద్ద పెద్ద విద్యుత్ పరికరాల కంపెనీలు కూడబలుక్కుని ధరలు పెట్టిన కేసులో అధికారులు జైలుకు పోయారు. ఆ తర్వాతే కంపెనీలు లోపల కంప్లయన్స్ కార్యక్రమాలు పెట్టుకోవడం పెరిగింది. లాక్‌హీడ్ విమానాల లంచాల దుమారం తర్వాత 1977లో విదేశీ లంచాల నిరోధక చట్టం వచ్చింది. 1991లో శిక్షల మార్గదర్శకాలు, నీతి వ్యవస్థను నిజంగా నడిపిన కంపెనీకి జరిమానా తగ్గించవచ్చన్నాయి. ఎథిక్స్ ఆఫీసర్ ఉద్యోగాలు పుట్టగొడుగుల్లా వచ్చింది అప్పుడే. లెక్కల మోసంతో ఎన్‌రాన్ కంపెనీ కూలడం 2002లో మరో చట్టం తెచ్చింది.

మనకు మన ఎన్‌రాన్ హైదరాబాదులోనే దొరికింది. 2008 డిసెంబర్‌లో సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను కొనడానికి ఒప్పుకుంది. బోర్డులో పేరున్న స్వతంత్ర డైరెక్టర్లున్నారు. అబ్దుల్ హక్ బేరానికీ దీనికీ 120 ఏళ్ల తేడా, కొనేవాడూ అమ్మేవాడూ ఒకే చెట్టు కొమ్మలు కావడం మాత్రం మారలేదు. మదుపుదార్లు తిరగబడి ఆపారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది, బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్లు లేవని. 2015లో కోర్టు శిక్ష వేసింది. 2013 కంపెనీల చట్టంలో ఈ దెబ్బ జాడ అడుగడుగునా కనిపిస్తుంది. ఏటా మొదటి బోర్డు సమావేశంలో డైరెక్టరు తన వాటాలు, సంబంధాలు రాసివ్వాలి. ఆడిటరుకు మోసం కనిపిస్తే చెప్పి తీరాలి. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు, ఇంకొన్ని పెద్ద కంపెనీలు, ఉద్యోగి భయం లేకుండా ఫిర్యాదు చేసే దారి పెట్టాలి.

చట్టంలో భయం లేకుండా అని రాయడం తేలిక. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే తన పేరు బయటపెట్టవద్దని కోరుతూ ప్రధాని కార్యాలయానికి అక్రమాల మీద రాశాడు. 2003 నవంబర్‌లో గయలో కాల్చి చంపారు. 2004లో, ఫిర్యాదుదారు పేరు దాచి విచారించే అధికారాన్ని కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఇచ్చారు. 2014లో రక్షణ చట్టం కూడా ఆమోదం పొందింది, కానీ అది అమల్లోకి వచ్చే తేదీని ప్రకటించనే లేదు. మరోవైపు పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కమిషన్ 1999లోనే చెప్పింది. కక్షతో రాసే ఆకాశరామన్న ఉత్తరాల బెడద నిజమే. కానీ క్వార్టర్లలో గోడ పక్క గోడగా బతికే భూపాలపల్లి లాంటి ఊరిలో, పేరు పెట్టి రాసిన ఫిర్యాదు సాయంత్రానికి ఎవరి చెవిన పడుతుందో అన్న భయం ఆ బెడద కన్నా పెద్దది. నగరంలో కూర్చుని నియమాలు రాసేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

ఇప్పుడు బొగ్గు ఊళ్లలో నీతి అనగానే జనం మాట్లాడేది టెండర్ల గురించి కాదు, కొడుకు ఉద్యోగం గురించి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల దారి తెరిచారు. అనారోగ్యంతో పని చేయలేడని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే వారసుడికి ఉద్యోగం. ఒక డాక్టరు కాగితం మీద ఒక ఇంటి తరం ఆధారపడిన చోట దళారి పుట్టకుండా ఉండడు. అన్‌ఫిట్ చేయిస్తామని లక్షలు గుంజేవాళ్ల మీద కేసులు పెట్టారు. దళారిని పట్టుకోవడం సగం పనే. ఎవరిని ఏ కారణంతో అన్‌ఫిట్ అన్నారు, ఎవరిని ఎందుకు కాదన్నారు అన్నది ఆ కార్మికుడికి రాతపూర్వకంగా, అర్థమయ్యే తెలుగులో ఇస్తే దళారి దగ్గర అమ్మడానికి సరుకే ఉండదు.

మారుపేర్ల సంగతి ఇంకా బరువైనది. వెనకటి రోజుల్లో ఊళ్లో ఒక పేరుతో, కంపెనీ రికార్డులో ఇంకో పేరుతో బాయి పనిలో చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరి కార్డు మీద ఇంకొకరు చేరారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పేరుతోనే బొగ్గు నింపారు, ఆ పేరుతోనే జీతం తీసుకున్నారు, ఆ పేరుతోనే గాయపడ్డారు. కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఆధార్‌లో తండ్రి పేరు ఒకటి, కంపెనీలో ఒకటి. దరఖాస్తు విజిలెన్స్ విచారణకు పోయి ఆగిపోతుంది. నిబంధన ప్రకారం ఇది మోసమే. కానీ ఆ రోజు పేరు చూసుకోకుండా మస్టర్ ఇచ్చింది కంపెనీ, ఆ చెమటతో లాభపడింది కంపెనీ. ఎవరి ఉద్యోగమూ దోచుకోకుండా, చేసిన పనికే జీతం తీసుకున్నవాడి పేరు తేడానూ, డబ్బులు తీసుకుని దొంగ సర్టిఫికెట్ పుట్టించినవాడి నేరాన్నీ ఒకే ఫైలులో కట్టడం అన్యాయం. పనిచేసింది ఆ మనిషేనని తోటి కార్మికుల సాక్ష్యంతో, వేలిముద్రలతో తేలితే ఒక్కసారికి పేరు సరిచేసి ఆ ఇళ్లకు ఊపిరి పోయాలి.

పైన కూర్చున్నవాళ్ల వాటా సంగతికి వస్తే, డైరెక్టర్ల ఆసక్తులు నమోదయ్యే రిజిస్టరు చట్టం ప్రకారం కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసులో ఉండాలి. సింగరేణికి అది కొత్తగూడెం. దాన్ని చూసే హక్కు షేరుదార్లకు ఉంటుంది. సింగరేణి షేర్లు దాదాపు అన్నీ రెండు ప్రభుత్వాల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి, బాయి దిగే కార్మికుడికి గానీ, ఓపెన్‌కాస్ట్ గని కింద భూమి పోయిన రైతుకు గానీ ఆ పుస్తకం తెరిచే దారి నేరుగా లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి, అప్పీలుకు పోవాలి. 2005 నాటి ఆ చట్టమే, జనం అడగకముందే ప్రభుత్వ సంస్థలు తమ వివరాలు బయటపెట్టాలని కూడా చెబుతోంది. డైరెక్టర్లు, టెండరు కమిటీల్లో కూర్చునే అధికారులు తమకు, తమ ఇంటివాళ్లకు ఏ సంస్థల్లో వాటాలున్నాయో రాసిచ్చిన పేజీలను ప్రతి ఏరియా జీఎం ఆఫీసులో, కార్మికుల స్టాండింగ్ ఆర్డర్స్ అంటించిన బోర్డు పక్కనే, అదే అక్షరాల సైజులో తెలుగులో అంటించడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. బోర్డు ఒక్క తీర్మానం చేస్తే చాలు.